చదివి అంగీకరించాను

కైస్లవారా
అక్టోబరు 11, 2015

ప్రియమైన పిన్నికి,

ఫోన్లో అయితే నేను గిన్నెలు కడుగుతూ ఊకొడతానని, ఉత్తరమైతే కనీసం కూర్చుని రాస్తానని నువ్వు పెట్టిన నియమం ప్రకారం, ఇదిగో, కూర్చున్నాను. పక్కన కాఫీ ఉంది. వారం రోజులు బడికి సెలవు.

ఈ ఏడు నా నాలుగో తరగతి పిల్లలు ఇరవై ఒక్కమందికీ తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. మా మునిసిపాలిటీ మొత్తంలో ముందు నా క్లాసుకే ఇచ్చారని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పిల్లలు తెర మీద పాఠం చదువుతారు, కింద ప్రశ్నలకి జవాబు నొక్కుతారు. ఒప్పయితే పచ్చ చుక్క, తప్పయితే ఎర్ర చుక్క. సాయంత్రానికి ఎవరు ఎంత ముందుకు పోయారో నా దగ్గర గీతలుగా వచ్చేస్తుంది. ఎర్ర పెన్సిలు పట్టుకుని ముప్ఫై ఆరేళ్లు నువ్వు సంపాదించుకున్న మెడనొప్పి నాకు రాసిపెట్టి లేదు.

టైమి అనే పిల్ల గురించి చెప్పాలి. తల్లి వేరే సంసారం పెట్టుకుని వెళ్లిపోయింది. తండ్రి యార్కో దుంగల లారీ నడుపుతాడు. మూడో తరగతి టీచరు ఆ పిల్లని నాకు అప్పగిస్తూ, చదువు మీద మనసు పెట్టదు, నీ ఓపిక అంది. ఆరు వారాలు తిరిగేసరికి టైమి గీత క్లాసులో అందరి గీతల కన్నా పైన ఉంది. అన్నీ పచ్చ చుక్కలే. నవంబరు మొదట్లో యోయెన్సూ పట్నంలో టీచర్ల సమావేశంలో మాట్లాడమని నన్ను పిలిచారు. పేరు తీసేసి ఆ గీతనే చూపిస్తాను. తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యాధికారులు మా క్లాసు చూడటానికి వస్తారట.

నువ్వు వెక్కిరిస్తావని తెలుసు. వెక్కిరించు. కానీ ఒక్కసారైనా నా గురించి నీ పక్కింటావిడతో గొప్పగా చెప్పు.

నీ
హెల్కా

రాహె
అక్టోబరు 25

హెల్కా,

పక్కింటావిడతో చెప్పాను. ఆవిడ, పిల్లలకి కళ్లు పాడవవా అని అడిగింది. నీ తరఫున గట్టిగా వాదించాను. అంతవరకు నా బాకీ తీరింది.

ఇక్కడ సముద్రం మీంచి గాలి మొదలైంది. మధ్యాహ్నం మూడు దాటితే బయటికి వెళ్లడం మానేశాను.

నీ ఉత్తరంలో పచ్చ చుక్కల సంగతి రెండుసార్లు ఉంది, గీతల సంగతి మూడుసార్లు ఉంది. టైమి ఏం చదువుతుందో లేదు. ఏ కథకి నవ్వుతుంది? ఏ మాట దగ్గర ఆగుతుంది? ఆ పిల్ల చదువుతుంటే గొంతు ఎలా ఉంటుంది? నా క్లాసులో ఒక్కో పిల్ల చదివే గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కొంతమంది మొహాలు మరిచిపోయాను గానీ గొంతులు మరవలేదు. ముసలిదాని చాదస్తం అనుకుంటే అనుకో. జవాబు మాత్రం రాయి.

యోయెన్సూకి ఆ నీలం కోటు వేసుకుని వెళ్లు. బూడిదరంగుది వేసుకుంటే నువ్వు ఇన్స్పెక్టరులా ఉంటావు.

పిన్ని

కైస్లవారా
నవంబరు 29

పిన్నీ,

ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

యోయెన్సూలో బాగా జరిగింది. రెండువందల మంది దాకా వచ్చారు, చప్పట్లు కొట్టారు. పద్దెనిమిదో తారీకున అధికారులు మా క్లాసుకి వచ్చి చూసి వెళ్లారు. అదీ బాగానే జరిగింది. మధ్యలో నెట్ పోయింది గానీ సర్దుకున్నాం.

క్లాసులో చిన్న గొడవ ఒకటి వచ్చింది. ఒక పిల్ల ట్యాబ్‌తో మోసం చేస్తున్నట్టు తేలింది. రెండు వారాలు ట్యాబ్ తీసేసుకుని, తండ్రిని పిలిపించి మాట్లాడి, కాగితం మీద సంతకం తీసుకున్నాను. ఇలాంటివి మొదట్లోనే తుంచెయ్యాలి కదా.

మంచు బాగా పడింది. నీకు ఉన్ని మేజోళ్లు అల్లుతున్నాను, క్రిస్మస్‌కి అందుతాయి.

హెల్కా

రాహె
డిసెంబరు 9

హెల్కా,

నీ ఉత్తరం అరపేజీ ఉంది. అందులో బాగానే జరిగింది అన్న మాట రెండుచోట్ల ఉంది. నువ్వు తొమ్మిదేళ్లప్పుడు మా పడవ తెడ్డు విరగ్గొట్టి వచ్చి అచ్చం ఇలాగే చెప్పావు.

నా ప్రశ్నకి జవాబు రాలేదు. మోసం చేసిందని నువ్వు రాసిన పిల్ల టైమి అయి ఉండాలి. పేరు రాయలేదంటే ఆమేనని నాకు అర్థమైంది.

ముందు నా సంగతి చెబుతాను, ఎందుకంటే నేనూ నీకు ఏడాదిగా ఒకటి చెప్పడం లేదు. నా చూపు పోతోంది. పక్కల కనిపిస్తుంది, మధ్యలో మసక. ఎవరి మొహం చూస్తే ఆ మొహమే ఉండదు. డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు. పోయిన చలికాలం లైబ్రరీలో మా చదువరుల బృందంలో నన్ను ఒక పేజీ పైకి చదవమన్నారు. కళ్లజోడు మరిచిపోయానన్నాను. మరోసారి అడిగితే మళ్లీ మరిచిపోయానన్నాను. మూడోసారి కళ్లజోడు నా మెడలోనే వేలాడుతోంది. ఇంటికి వచ్చి కోటు విప్పకుండా అలాగే కూర్చున్నాను. ముప్ఫై ఆరేళ్లు పిల్లలకి చదవడం నేర్పినదాన్ని.

ఇప్పుడు ఆస్పత్రివాళ్లు ఒక యంత్రం ఇచ్చారు. కింద కాగితం పెడితే పైన తెర మీద అక్షరాలు గుప్పెడంత అయి కనిపిస్తాయి. ఒకసారికి నాలుగైదు అక్షరాలే. నీ ఉత్తరం చదవడానికి గంట పట్టింది, అంత పొట్టిదైనా. ఆ యంత్రాన్ని వెక్కిరించడానికి నాకు నోరు రావడం లేదు. అది నా పని తను చెయ్యదు. అక్షరాన్ని నా దగ్గరికి తెచ్చి పెడుతుంది, చదువుకోవడం నా వంతు.

అలా నాలుగేసి అక్షరాలు చదువుతుంటే మాటలు బరువుగా తగులుతాయి. 'మోసం' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. పదేళ్ల పిల్ల. ఆ తర్వాత తండ్రి సంతకం పెట్టాడని రాశావు. చదివాడని రాయలేదు. చదివాడా?

పిన్ని

కైస్లవారా
జనవరి 10, 2016

పిన్నీ,

నీ కళ్ల సంగతి చదివి ఫోన్ చెయ్యబోయి ఆగిపోయాను. నా సంగతి చెప్పకుండా నిన్ను ఓదార్చడానికి మొహం చెల్లలేదు. అందుకే ఈసారి అక్షరాలు పెద్దవిగా, నల్ల సిరాతో రాస్తున్నాను. పొడుగవుతుంది. ఓపిక పట్టు.

ఆ రోజు ఎనిమిది మంది అధికారులు గోడవారన కుర్చీల్లో కూర్చున్నారు. పాఠం మొదలైన పావుగంటకి నెట్ పోయింది. నేను తొణక్కుండా అలమారలోంచి పాత వాచకాలు తీసి పంచాను. పుస్తకంతోనూ మనవాళ్లు అంతే చురుకు, చూడండి అని చెప్పి, టైమిని లేచి చదవమన్నాను. కొంగలు దక్షిణానికి ఎగిరిపోయే పాఠం.

టైమి లేచింది. పుస్తకం తెరిచింది. ఎంత చక్కగా చెప్పిందో పిన్నీ, ఒక ముసలి కొంగ, దాని విరిగిన రెక్క, అది వెనకపడిపోతే మందంతా దానికోసం చెరువు దగ్గర ఆగడం. వింటున్నవాళ్ల మొహాలు వెలిగిపోయాయి. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్ల, అది ఇందులో లేదు టీచర్ అంది. నేను పుస్తకంలోకి చూశాను. లేదు. అక్కడ కొంగల బరువు, ఎగిరే దూరం, అంకెలు ఉన్నాయి. టైమి బొమ్మ చూసి కథ అల్లుతోంది.

"ఆటలాడకు. ఉన్నది చదువు," అన్నాను.

నిలబడింది. క్లాసు నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు మండుతున్నాయంది టైమి. నేను కూర్చోమనలేదు. అధికారుల ముందు నా పరువు పోతోందన్న ధ్యాస తప్ప ఇంకేమీ లేదు నాకు. ఎంతసేపు నిలబెట్టానో తెలియదు. ఆమె తన మేజోళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ట్యాబ్‌ల లెక్కలు తీసి చూశాను. ట్యాబ్‌లో ప్రతి పాఠం పక్కనా స్పీకరు బొమ్మ ఉంటుంది. నొక్కితే అదే ఇయర్‌ఫోన్‌లో చదివి వినిపిస్తుంది, ప్రశ్నలూ జవాబులూ కూడా. టైమి ప్రతి పేజీలోనూ అది నొక్కింది. ఒకసారి వింటే ఆ పిల్ల ఇంక మరిచిపోదు. పచ్చ చుక్కలన్నీ చెవితో తెచ్చుకున్నవే. ఆమెకి చదవడం రాదు పిన్నీ. యోయెన్సూలో రెండువందల మంది చప్పట్లు కొట్టింది ఒక్క వాక్యం చదవలేని పిల్ల గీతకి.

నేనేం చేశానో తెలుసా? అధికారులకి అదే రాత్రి మెయిల్ పంపాను, తెలివైన పిల్ల, ప్రోగ్రాముని మోసం చేసే దారి కనిపెట్టింది, చర్య తీసుకుంటున్నాం అని. మర్నాడు అందరి ముందు ట్యాబ్ లాక్కున్నాను. తండ్రిని పిలిచాను. యార్కో డ్యూటీ బట్టల్లోనే వచ్చి పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. కాగితం ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో ఉన్నది సరైందేనా టీచర్?" అన్నాడు.

"సరైందే," అన్నాను.

"మీరు రాశారంటే సరిగానే ఉంటుంది," అని సంతకం పెట్టాడు. హెడ్మాస్టరు సంతకం పెట్టాల్సిన చోట పెట్టాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. స్టాఫ్ రూములో చెప్పి నవ్వించాను కూడా.

నీ ఉత్తరం వచ్చాక ఆ కాగితం తీసి మళ్లీ చూశాను. మొదటి తరగతి నుంచి ఇంటికి పంపిన మెసేజీలు ఒక్కదానికీ ఆయన జవాబు ఇవ్వలేదు. పట్టించుకోని తండ్రి అని మేమందరం అనుకున్నాం, చదవలేని తండ్రి అని ఎవరికీ తట్టలేదు. 

బడి తెరవడానికి ముందు శనివారం వాళ్లింటికి వెళ్లాను. యార్కో వంటింటి బల్ల మీద మంచు మీద జారే టైమి స్కీకి మరలు బిగిస్తున్నాడు. టైమి గదిలో ఉంది, తలుపు ఓరగా తెరిచి ఉంది. కాఫీ పోశాడు. నేను కాగితం తీసి, ఇది మీకు చదివి వినిపించడానికి వచ్చానన్నాను. ఆయన మర బిగించడం ఆపలేదు. చదివాను. 'విద్యార్థిని బడి పరికరాన్ని మోసపూరితంగా ఉపయోగించింది.' ఆ తర్వాతి వాక్యం, 'పై విషయాన్ని చదివి అంగీకరించాను.' చదివి అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. నేను ఒక మనిషి చేత అబద్ధం మీద సంతకం పెట్టించాను, అదీ ఆయన కూతురి మీద.

యార్కో మరలన్నీ బిగించాడు. తర్వాత స్కీ పక్కన పెట్టి అన్నాడు.

"అది మోసం చెయ్యడం కాదు టీచర్. చదవకుండా నెట్టుకురావడం. ఆ విద్య నా దగ్గర నేర్చుకుంది. లారీలో తెర దారి చెబుతుంది, నేను తిప్పుతాను. హోటల్లో పక్కవాడు ఏం అడిగితే అదే నాకూ అంటాను. నలభై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. మీరు దాన్ని అందరి ముందు నిలబెట్టారటగా?"

అవునన్నాను. క్షమించమన్నాను, ఓరగా ఉన్న తలుపు వైపు తిరిగి కూడా అన్నాను.

సోమవారం ట్యాబ్‌లు ఇరవై ఒకటీ అలమారలో పెట్టి తాళం వేశాను. ఇక వాటి మొహం చూడను.

హెల్కా

రాహె
ఫిబ్రవరి 2

హెల్కా,

నిన్ను ఓదార్చను. సిగ్గుపడాల్సిన పని చేశావు, సిగ్గుపడుతున్నావు, అది సరిగ్గానే ఉంది. వాళ్లింటికి వెళ్లి చదివి వినిపించడం మాత్రం నేను చెయ్యగలిగేదాన్ని కాదేమో.

కానీ ఆ తాళం నాకు నచ్చలేదు. గొప్ప కోసం ట్యాబ్‌లు బయటికి తీశావు, సిగ్గు కోసం లోపల పెట్టావు. రెండుసార్లూ నీ గురించే ఆలోచించావు. ఇరవై ఒక్కమంది పిల్లల్లో ఎవరికి అవి దేనికి పనికొస్తాయో ఎప్పుడు చూశావు?

నా సంగతి ఒకటి విను. అరవై ఏడులో మా బడికి రేడియో పాఠాలు వచ్చాయి. పది గంటలకి మీట తిప్పితే పట్నం నుంచి చక్కటి గొంతు భూగోళం చెప్పేది. పిల్లలు కదలకుండా వినేవాళ్లు. నేను కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగేదాన్ని. ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయేదాన్ని. వసంతం వచ్చేసరికి ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి, టీచర్, మీకు భూగోళం తెలియదా అని అడిగింది. తలకొట్టేసినట్టయింది. ఆ మర్నాటి నుంచి రేడియో ఐదు నిమిషాలు పెట్టి ఆపేసేదాన్ని, ఇప్పుడేం విన్నారు, మీరు నమ్ముతున్నారా, మన చెరువు ఎటు పారుతుంది, పదండి చూద్దాం అని బయటికి తీసుకెళ్లేదాన్ని. రేడియో అదే. నేను కిటికీ దగ్గర్నుంచి కదిలాను, అంతే.

టైమికి వినడంలో అంత శక్తి ఉందంటున్నావు. దాన్ని తీసేసి ఏం ఇస్తావు? నా యంత్రం తీసేస్తే నాకు నీ ఉత్తరం లేదు. చెవిలో ఉన్న మాటని కంటి దగ్గరికి తెచ్చే దారి ఏదైనా ఆ పెట్టెలో ఉందేమో చూడు. దొరికేదాకా పక్కన కూర్చో.

ఇంకొకటి. యోయెన్సూలో చప్పట్లు కొట్టినవాళ్లకి చెప్పావా?

పిన్ని

కైస్లవారా
ఏప్రిల్ 20

పిన్నీ,

చెప్పాను. పోయిన శుక్రవారం అదే హాల్లో. నిజానికి నన్ను పిలిచింది మిగతా టీచర్లకి శిక్షణ ఇచ్చే పని గురించి మాట్లాడమని. ఆ పాత గీతనే మళ్లీ తెర మీద పెట్టి, దీని వెనక ఉన్న పిల్లకి చదవడం రాదు, నేను ఒక్కసారి కూడా పక్కన కూర్చుని వినలేదు అని మొదలుపెట్టాను. పిల్లని నిలబెట్టిన సంగతి, మోసం అని రాసిన సంగతి, అన్నీ చెప్పాను. చివర చప్పట్లు లేవు. కాఫీ దగ్గర నా బల్ల చుట్టూ ఎవరూ లేరు. శిక్షణ పని ఇంకొకరికి ఇచ్చారు. మా హెడ్మాస్టరు, ఇంత బయటపడాలా హెల్కా అన్నాడు. ఆ కాగితాన్ని ఫైల్లోంచి తీసెయ్యడం కుదరదట. తప్పు నాదేనని ఇంకో కాగితం రాసి, యార్కోని బడికి పిలిచి చదివి వినిపించి, దానికి జతచేశాను. రెండూ అక్కడే ఉంటాయి.

అలమార తాళం ఫిబ్రవరిలోనే తీశాను. ఒక్కో పిల్ల పక్కనా కూర్చుని చూస్తే కొందరికి ఆ ట్యాబ్ అసలు అక్కర్లేదని, పుస్తకమే హాయని తెలిసింది. టైమికి ప్రత్యేక టీచరు పరీక్ష పెట్టింది. అక్షరాలు తికమకపడే ఇబ్బంది ఉంది, తండ్రి నుంచి వచ్చిందే కావచ్చంది. ఆవిడా నేనూ కలిసి ఆలోచించి ఒక పని చేశాం. యార్కో రోజూ లారీలో తను చూసినవి ట్యాబ్‌లో మాట్లాడి పంపుతాడు, ఎక్కడ దుప్పి అడ్డం వచ్చింది, ఎక్కడ మంచులో కూరుకుపోయాడు. ట్యాబ్ ఆ మాటల్ని అక్షరాలు చేస్తుంది. నేను తప్పులు దిద్ది, పెద్ద అక్షరాల్లో కాగితం మీద అచ్చు తీసి ఇస్తాను. నాన్న గొంతులో టైమి ఒకసారి వింటుంది, తర్వాత శబ్దం ఆపేసి కాగితం చదువుతుంది, వేలు పెట్టి. తన చదువు రికార్డు చేసుకుంటుంది, నచ్చకపోతే చెరిపేస్తుంది. మొదటి మూడు వాక్యాలకి పన్నెండుసార్లు చెరిపింది. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ వినిపించదు కాబట్టి.

నువ్వు అడిగావు కదా, గొంతు ఎలా ఉంటుందని. కొంచెం బొంగురు. కష్టమైన మాట ముందు ఊపిరి పట్టుకుంటుంది. అక్టోబరులో ఇవ్వాల్సిన జవాబు ఏప్రిల్లో ఇస్తున్నాను.

అచ్చు కాగితాలు తర్వాత ఇంటికి వెళ్తున్నాయి. యార్కో లారీలో సీటు పక్కన వాటి కట్ట చూశాను. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది యోయెన్సూలో చెప్పలేదు. నీకు కూడా రాయలేదు.

నిన్న బడి అయ్యాక అందరూ వెళ్లిపోయారు, టైమి బూట్లు వేసుకుంటోంది. తల ఎత్తకుండా అడిగింది.

"టీచర్, మీకు అప్పుడే తెలుసా? నాకు చదవడం రాదని?"

తెలియదు అనబోయాను. నోట్లోకి వచ్చేసింది ఆ మాట. అది నిజం కాదు పిన్నీ. సెప్టెంబరు చివర్లో ఒకరోజు బెంచీల మధ్య నడుస్తుంటే టైమి తెర వైపు చూడకుండా, కిటికీలోకి చూస్తూ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జవాబులు నొక్కుతోంది. ఒక క్షణం ఆగాను. ఏదో తేడాగా ఉందని తెలిసింది. అడిగితే ఆ గీత పాడవుతుందని కూడా తెలిసింది. ముందుకు నడిచాను.

"అనుమానం వచ్చింది. అడగలేదు," అన్నాను.

టైమి లేసు బిగించుకుంది.

"మీరు ఆగారు. నా దగ్గర ఆగి, చూసి, వెళ్లిపోయారు. నేను కిటికీ అద్దంలో మిమ్మల్ని చూశాను," అంది. "మీరు ఏమీ అనలేదు కదా. అందుకని అలా చెయ్యొచ్చేమో అనుకున్నా."

కోపంగా అనలేదు. దాచుకోవడానికి ఏమీ లేనట్టు, జరిగింది జరిగినట్టు చెప్పింది. మోసం చేసిందని నేను సంతకం తీసుకున్న పిల్ల నా అనుమతితోనే ఆ పని చేసింది.

నేను నేల మీద, తడి బూట్ల పక్కన కూర్చుండిపోయాను. తప్పు నీది కాదు, మొదటి రోజు నుంచీ నాదే అన్నాను. ఆమె బ్యాగు దగ్గరికి లాక్కుంది.

"నాన్నకి చెప్పారా ఇది?"

"లేదు."

"చెప్పండి," అంది. బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

యార్కో నన్ను ఒకసారి ఇంట్లోకి రానిచ్చాడు. రెండోసారి రానిస్తాడో లేదో తెలియదు. రేపు సాయంత్రం వెళ్తున్నాను.

హెల్కా